బుజ్జిగాడికి, ఆ రెండు వందల గంటల గురించి

విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బుజ్జీ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరూ కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, ఆవకాయ సీసా బస్సులో పంపాం. మిగతా కబుర్లు తర్వాత. స్పీకర్ కేబుల్ కొంటున్నానని రాశావే, అది చదివిన దగ్గర్నుంచి చెయ్యి ఊరుకోవట్లేదు.

"మొదట్లో గరుగ్గా వినిపిస్తుంది, 200 గంటలు వాయించాక విచ్చుకుంటుంది" అన్నాడా షాపువాడు? రోజుకి రెండు గంటలు వింటే నూరు రోజులు. వెనక్కి తీసుకునే గడువు నెలేనని నువ్వే రాశావు. విచ్చుకునేలోపే గడువు దాటిపోతుంది, ఏం తెలివిరా!

కొత్త చెప్పులు కరుస్తాయి, నాలుగు రోజులు తొడిగితే తోలు సాగుతుంది. స్పీకర్‌లో అలాంటిది నిజంగానే ఉంది. ఊఫర్ (లోతైన స్వరాలు పలికే పెద్ద స్పీకర్) చుట్టూ ఉండే రబ్బరు అంచు, వెనక కాయిల్‌ని పట్టి ఉంచే ముడతల గుడ్డ కొత్తలో బిగువుగా ఉంటాయి. కొన్ని గంటలు వాయిస్తే వదులై రెజొనెన్స్ (తనంతట తాను ఎక్కువగా ఊగే స్వరం) కాస్త దిగుతుంది, కొలిస్తే తెలుస్తుంది. కేబుల్లో కదిలేదేముంది? రాగి, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. "తొడుగు చార్జ్ పట్టాలి" అంటారు. పాట వెళ్ళేది ఏసీ కరెంటుగా, సెకనుకి వందల సార్లు, వేల సార్లు అటూ ఇటూ తిరుగుతూ. అందులో ఒకవైపే పట్టి నిలిచేదేముంటుంది?

లెక్క చూడు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు మూడు మీటర్లు, పోనూ రానూ ఆరు: మొత్తం నిరోధం, అంటే కరెంటుకి అడ్డు, సుమారు 0.04 ఓమ్. (మల్టీమీటర్‌తో కొలవబోకు, దాని తీగలదే అంతకన్నా ఎక్కువ.) రాగి నిరోధం డిగ్రీకి 0.4 శాతం పెరుగుతుంది. పొద్దున్న 28 డిగ్రీల్లో విన్న కేబుల్ మధ్యాహ్నం 38కి చేరితే 4 శాతం మారినట్టే. 8 ఓమ్‌ల స్పీకర్ దగ్గర అది శబ్దం కొలతలో 0.002 డెసిబెల్ కూడా కాదు. మన ఎండకి మారేదే ఎవరికీ వినపడనప్పుడు...

సరే, మార్పు విన్నామనేవాళ్ళందరూ అబద్ధాలకోరులని కాదు. చెవి అలవాటు పడుతుంది, అదొకటి. ఇంకోటి సముద్రం పక్కనున్న మీ ఇంటి సంగతే: ఉప్పుగాలికి రాగి కొసలు నల్లబడి, పచ్చబడి, టెర్మినల్ (వైరు బిగించే చోటు) దగ్గర పట్టు పోతుంది. కొత్త కేబుల్ పెట్టేటప్పుడు ఆ టెర్మినల్ తుడిచి బిగిస్తావు కదా, బాగుపడేది దానివల్ల, అదీ మొదటి రోజే. డబ్బెందుకు? పాత వైరు కొస రెండు సెంటీమీటర్లు కత్తిరించి, ఒక సెంటీమీటరు తొడుగు ఒలిచి, పోగులు మెలేసి బిగించు. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా యాంప్లిఫయర్ షార్టవుతుంది. ముందు యాంప్ ఆపు!

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒకే చుట్టలోంచి రెండు జతలు కోయించు. ఒకటి ఆగకుండా 8 రోజుల 8 గంటలు వాయించు, రెండోది సంచీలోనే ఉంచు. రెండిటి శబ్దం ఒకే స్థాయిలో ఉండాలి కాబట్టి 100 హెర్ట్జ్ (సెకనుకి వంద ఊపులు) టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర 2.83 వోల్టులు చూసుకో, రెండు జతలకీ తేడా 0.03 వోల్టు దాటకూడదు. చవక మీటర్లు 400 హెర్ట్జ్ పైన తప్పు చూపిస్తాయి, అందుకే 100. తర్వాత చెల్లాయి తెర వెనక నాణెం ఎగరేసి జత మార్చాలి. అదే జత వచ్చినా ఊడదీసి మళ్ళీ పెట్టాలి, లేకపోతే చప్పుడుకే పట్టేస్తావు దొంగా. వాల్యూమ్ ముట్టుకోకు. 16 సార్లలో కనీసం 12 సార్లు ఏ జతో సరిగ్గా చెప్తే నేనే ఓడిపోయినట్టు; ఊరికే ఊహించి అన్నైనా కొట్టే అవకాశం నూటికి నాలుగే. ఎనిమిదా? అది నాణెం కూడా చెప్తుంది.

2007లో అమెరికాలో జేమ్స్ రాండీ అనే మెజీషియన్, బూటకాలు బయటపెట్టేవాడు, 7,250 డాలర్ల కేబుల్‌ని విని పోల్చుకుంటే పది లక్షల డాలర్లిస్తానన్నాడు. ఆ డబ్బు ఎవరికీ దక్కలేదు. నువ్వు గెలిస్తే ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ నాది, పెద్ద పొట్లం.

ఇంకా ఆ బనానా ప్లగ్గుల్లో (వైరు కొసకి తొడిగే పిన్నులు) స్క్రూ వదులయ్యే గొడవ రాయాలి, కానీ కింద కొరియర్ కుర్రాడు బెల్ కొట్టేస్తున్నాడు.