ఉత్తర్వుల సంఖ్య కాదు, సంస్థల స్వతంత్రత చూడాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ జారీ చేస్తున్న కార్యనిర్వాహక ఉత్తర్వులపై (చట్టసభ ఓటుతో పనిలేకుండా అధ్యక్షుడే ప్రభుత్వ విభాగాలకు ఇచ్చే ఆదేశాలపై) మన పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు వాటి సంఖ్య చుట్టూనే తిరుగుతున్నాయి. రెండోసారి పదవి చేపట్టిన తొలి వంద రోజుల్లోనే ఆయన 140కి పైగా ఉత్తర్వులపై సంతకం చేసిన మాట నిజమే. అయితే సంఖ్యే కొలమానమైతే, పన్నెండేళ్ల పాలనలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 3,700కు పైగా ఉత్తర్వులిచ్చారు. వాటిలో 1942 ఫిబ్రవరి నాటి 9066వ ఉత్తర్వు ఒక్కటే దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ల నుంచి తరలించి శిబిరాల్లో నిర్బంధించడానికి దారితీసింది. 1948లో హ్యారీ ట్రూమన్ ఇచ్చిన 9981వ ఉత్తర్వు సైన్యంలో జాతివివక్షను తొలగించడానికి పనికివచ్చింది. కాబట్టి ఒక ఉత్తర్వు ఎవరి అధికారాన్ని తీసి ఎవరి చేతిలో పెడుతున్నదో చూడాలి. అలా చూసినప్పుడు, 2025 ఫిబ్రవరి 18న వెలువడిన 14215వ ఉత్తర్వుపై జరగవలసినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం.

వ్యాపారాల్లో మోసాలనూ గుత్తాధిపత్యాన్నీ అరికట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, షేర్ మార్కెట్లను నియంత్రించే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ వంటి సంస్థలను అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కావాలనే శ్వేతసౌధానికి కొంత ఎడంగా ఉంచింది. ట్రేడ్ కమిషన్‌లో ఐదుగురు సభ్యులుంటారు, పదవీకాలం ఏడేళ్లు, ఒకే పార్టీవారు ముగ్గురికి మించకూడదు, అసమర్థత, విధి నిర్వహణలో నిర్లక్ష్యం, దుష్ప్రవర్తన అనే కారణాలపై తప్ప అధ్యక్షుడు వారిని తొలగించకూడదని చట్టం చెబుతోంది. ప్రభుత్వ విభాగాలు తయారుచేసే నియమాల ముసాయిదాలను శ్వేతసౌధం ముందుగా పరిశీలించే పద్ధతిని 1981లో రోనాల్డ్ రీగన్ పటిష్ఠం చేసినప్పుడు కూడా స్వతంత్ర కమిషన్లను అందులోకి లాగలేదు. 14215వ ఉత్తర్వు ఆ మినహాయింపును తీసేసింది. అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ ద్రవ్యవిధానాన్ని మాత్రం వదిలిపెట్టింది. అంతకంటే ఆందోళన కలిగించేది అందులోని మరో నిబంధన. చట్టానికి అర్థం చెప్పే అధికారం కార్యనిర్వాహక శాఖలో అధ్యక్షుడిదీ, ఆయన పర్యవేక్షణలో పనిచేసే అటార్నీ జనరల్‌దీ అని, వారి అభిప్రాయానికి విరుద్ధమైన అర్థాన్ని ఏ ఉద్యోగీ అనుమతి లేకుండా ప్రభుత్వ వైఖరిగా చెప్పరాదని అది శాసిస్తోంది. అంటే ఒక పెద్ద కంపెనీపై విచారణ జరుపుతున్న కమిషన్ న్యాయవాది, చట్టం తనకు స్పష్టంగానే కనిపిస్తున్నా, శ్వేతసౌధం దానికి ఏ అర్థం చెబుతుందోనని ఎదురుచూసి కలం కదపాలి.

ఈ వివాదం కొత్తది కాదు. 1933లో రూజ్‌వెల్ట్, ట్రేడ్ కమిషన్ సభ్యుడు విలియం హంఫ్రీకి లేఖ రాసి, మన ఇద్దరి ఆలోచనలూ కలిసి సాగడం లేదు గనుక తప్పుకోమని కోరారు. హంఫ్రీ ఒప్పుకోలేదు; అధ్యక్షుడు తొలగించారు. మరుసటి ఏడాది హంఫ్రీ మరణించగా, రావలసిన జీతం కోసం ఆయన ఆస్తి నిర్వాహకుడు దావా వేశారు. జీతం బాకీ కోసం వేసిన ఆ దావాలోనే 1935లో సుప్రీంకోర్టు, ఇలాంటి సంస్థల సభ్యులను ఇష్టానుసారం తొలగించడం కుదరదని ఏకగ్రీవంగా తేల్చింది. తొంభై ఏళ్ల తర్వాత, 2025 మార్చిలో, అదే కమిషన్‌లోని ఇద్దరు డెమొక్రాటిక్ సభ్యులను ట్రంప్ తొలగించారు. వారిపై నిర్లక్ష్యం గాని దుష్ప్రవర్తన గాని ఆరోపించలేదు. వారి కొనసాగింపు తమ ప్రభుత్వ ప్రాధాన్యాలకు పొసగదన్నారు, అంతే. ఆ తొలగింపుపై నడిచిన కేసులో 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు వాదనలు విన్నది. అంతకుముందు మే నెలలో కార్మిక సంబంధాల బోర్డు సభ్యురాలి తొలగింపును తాత్కాలికంగా అనుమతిస్తూనే, ఫెడరల్ రిజర్వ్ నిర్మాణం ప్రత్యేకమైనదని అదే కోర్టు వ్యాఖ్యానించింది. వడ్డీ రేట్లు నిర్ణయించేవారికి రక్షణ ఉండాలని గుర్తించినవారు, కార్మికుడి ఫిర్యాదు వినేవారికి అదే రక్షణ ఎందుకు అక్కర్లేదో చెప్పవలసి ఉంది. నాకైతే అందులో న్యాయం కనిపించలేదు.

అధ్యక్షుణ్ణి ప్రజలు ఎన్నుకున్నారు, కమిషనర్లను ఎన్నుకోలేదు, కనుక అధికారం ఎన్నికైనవాడి చేతిలోనే ఉండాలన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కార్యనిర్వాహక అధికారం అధ్యక్షుడికే చెందుతుందని రాజ్యాంగం రెండో అధికరణం చెబుతున్న మాటా వాస్తవమే. కానీ చట్టాలు నమ్మకంగా అమలయ్యేలా చూడాలన్న బాధ్యతను కూడా అదే అధికరణం ఆయనపై పెట్టింది. కారణం లేకుండా తొలగించరాదన్నదీ ఆ చట్టాల్లో ఒకటే. పైగా నాలుగేళ్లకొకసారి వేసే ఓటు, ఒక సంస్థపై దర్యాప్తు ఎందుకు ఆగిపోయిందో అడగడానికి చాలదు. ఆ సంగతిని బయటపెట్టగలిగేది, తన ఉద్యోగానికి భయపడనక్కర్లేని ప్రతిపక్ష కమిషనర్ రాసే అసమ్మతి పత్రమే.

ఇందులో కాంగ్రెస్ దోషం తక్కువేమీ కాదు. 1976 నాటి జాతీయ అత్యవసర పరిస్థితుల చట్టం ప్రకారం, అధ్యక్షుడు ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఉభయ సభలూ తీర్మానం చేసి రద్దు చేయగలిగేవి; దానికి అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. 1983లో సుప్రీంకోర్టు మరో కేసులో అటువంటి శాసన వీటో చెల్లదని తీర్పు ఇవ్వడంతో, రద్దు తీర్మానం కూడా సంతకానికి వెళ్లక తప్పని పరిస్థితి వచ్చింది. దాని ఫలితం 2019లో కనిపించింది. సరిహద్దు గోడకు అడిగినన్ని నిధులు కాంగ్రెస్ ఇవ్వలేదని ట్రంప్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆయన సొంత పార్టీ సెనేటర్లు 12 మంది కలిసిరాగా సెనేట్‌లో 59–41 ఓట్లతో రద్దు తీర్మానం నెగ్గింది. ప్రతినిధుల సభా ఆమోదించింది. ఆయన వీటో చేశారు. వీటోను తోసిపుచ్చడానికి కావలసిన మూడింట రెండొంతుల బలం సమకూరలేదు. ఉభయ సభలూ వద్దన్న పని, ఒక్కరి సంతకంతో సాగిపోయింది.

కోర్టులు ఆదుకుంటాయని ఊరుకోవడమూ సరికాదు. 1952లో కొరియా యుద్ధ సమయాన ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకున్నప్పుడు రెండు నెలలు తిరగకముందే సుప్రీంకోర్టు 6–3తో దాన్ని కొట్టేసింది. ఆ తీర్పులో జస్టిస్ రాబర్ట్ జాక్సన్, కాంగ్రెస్ అభీష్టానికి ఎదురెళ్లినప్పుడు అధ్యక్షుడి అధికారం అత్యంత బలహీనంగా ఉంటుందన్నారు. ఆ మాటకు బలం చేకూరాలంటే ముందు కాంగ్రెస్ తన అభీష్టం ఏమిటో స్పష్టంగా చెప్పాలి. 1952లో అది ఉంది: ఉక్కు మిల్లుల స్వాధీనం వంటి అధికారం ఇవ్వాలా అని 1947లోనే చర్చించి, ఇవ్వలేదు. అత్యవసర పరిస్థితిని 30 రోజుల్లో ఉభయ సభలూ ఆమోదించకపోతే దానంతటదే రద్దయ్యే బిల్లును 2019లో ప్రతిపాదించింది రిపబ్లికన్ సెనేటర్ మైక్ లీ. ఆ బిల్లు చట్టం కాలేదు. అధ్యక్షుడు ఏ పార్టీవారైనా సరే, దాన్ని తిరిగి సభ ముందుకు తెచ్చే సభ్యులెవరో, దాటవేసేవారెవరో మన పత్రికలు రాయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు