హెడ్‌లైట్లకు టూత్‌పేస్ట్ చిట్కా సగం పనే

సంపాదకులకు,

కారు హెడ్‌లైట్లు పచ్చబడి మసకబారితే టూత్‌పేస్ట్ రాసి రుద్దమనే చిట్కా ఎప్పటినుంచో చేతులు మారుతోంది, మీ పత్రికలోనూ అచ్చయింది. రుద్దితే మెరుపు వచ్చే మాట నిజమే. కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో మళ్లీ మసక కమ్మే సంగతి మాత్రం ఆ చిట్కాలో ఉండదు.

ఇప్పటి కార్లలో హెడ్‌లైట్ అద్దం పేరుకే అద్దం, అది పాలికార్బొనేట్ ప్లాస్టిక్. దెబ్బను బాగా ఓర్చుకుంటుంది గానీ ఎండకు ఓర్వలేదు, గీతలూ ఇట్టే పడతాయి. అందుకే ఫ్యాక్టరీలోనే దానిమీద పల్చటి గట్టి పూత వేస్తారు. ఏళ్ల తరబడి అతినీలలోహిత కిరణాలు సోకి ఆ పూత పొట్టులా లేస్తుంది, కింది ప్లాస్టిక్ పచ్చబడుతుంది. టూత్‌పేస్ట్‌లోని పొడి పైపైన అరగదీసి, మిగిలిన కాస్త పూతనూ పట్టుకుపోతుంది. బోసిపోయిన ప్లాస్టిక్ ఎండకు ఇంకా త్వరగా చెడుతుంది.

పని మొదలుపెట్టే ముందు అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి చూడాలి. తడి ఉన్నంతసేపు తేటగా కనబడి, ఆరగానే మసకేస్తే లోపం పైపొరలోనే ఉన్నట్టు. తడిపినా మార్పు లేకపోతే లోపల చెమ్మో దుమ్మో చేరి ఉండాలి, లేదా ప్లాస్టిక్‌లో లోతుగా సన్న పగుళ్లు పడి ఉండాలి. దానికి బయట ఎంత రుద్దినా ఫలితం లేదు.

చుట్టూ ఉన్న రంగు మీద మాస్కింగ్ టేప్ రెండు వరసలు అంటించాలి. వాటర్ పేపర్‌ను (తడిపి రుద్దే గరుకు కాగితం; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) షాంపూ చుక్కలు వేసిన నీళ్లలో నానబెట్టి, 800 నంబరుతో మొదలుపెట్టి 1000, 1500, 2000, 3000 వరకు వెళ్లాలి. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతిది నిలువుగా రుద్దాలి. పాత గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. అందరూ తొందరపడేది 800 దగ్గరే. మొదట పసుపుగా కారే నీళ్లు తెల్లగా, పలచటి పాలలా మారాలి. అద్దమంతా ఒకే తీరున తెల్లబారాలి. అప్పుడది మొదటికన్నా అధ్వానంగా కనబడుతుంది, దానికి భయపడి ఆపకూడదు. మధ్యలో ఎక్కడైనా మెరిసే మచ్చ ఉంటే అక్కడ పాత పూత మిగిలినట్టే. దాని అంచు రేపు కొత్త పూత కింద గీతలా తేలుతుంది.

ఆపైన రబ్బింగ్ కాంపౌండ్‌తో, అంటే సన్న గీతలు పోగొట్టే ముద్దతో, పాలిష్ పెట్టాలి. మెషిన్ వాడితే తక్కువ వేగంలో, ఒకేచోట నిలపకుండా తిప్పాలి. వేడెక్కితే ప్లాస్టిక్ మెత్తబడి అలుక్కుపోతుంది. తర్వాత జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇక వేలు తగలనివ్వకూడదు. థిన్నర్, పెట్రోల్, ఎసిటోన్ అసలు వద్దు, వాటితో సాలెగూడులా సన్న పగుళ్లు పడతాయి. దోమలు కుట్టకుండా ఒంటికి కొట్టుకునే స్ప్రే వాడమనే సలహా కూడా వినబడుతుంటుంది. అందులోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగించి కాసేపు తేటగా చూపిస్తుంది, అంతే.

అసలు పని చివరిది: అతినీలలోహిత కిరణాలను ఆపే కొత్త పూత. గుడ్డతో రాసే రకం ఇంట్లో తేలిక. నీడలో, చల్లగా ఉన్న అద్దం మీద, ఒకే దిశలో పల్చగా రాయాలి. 24 గంటలు నీళ్లు తగలనివ్వకూడదు. స్ప్రే క్లియర్ (రంగులేని పారదర్శక పూత) కొట్టేటట్టయితే పాలిష్ పెట్టకుండా 1500 దగ్గరే ఆగాలి, మరీ నునుపైతే పూతకు పట్టు దొరకదు. రెండు భాగాలు కలిపే క్లియర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు అవి చాలా హాని. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. తగిన రెస్పిరేటర్ (రసాయన ఆవిర్లను వడగట్టే మాస్కు) లేనివారు ఆ జోలికి వెళ్లవద్దు.

ఇంత చేసినా వెలుగు తగ్గినట్టుంటే బల్బు పాతబడిందేమో, లోపల వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ మెరుపు పూత మాసిందేమో చూడాలి. 60/55 వాట్ల (హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55) బల్బు ఉండాల్సిన చోట అంతకు మించినది బిగిస్తే ఆ వేడికి వైరింగూ హోల్డరూ కూడా మాడిపోతాయి.

ఈ చిట్కాను ఇకముందు అచ్చువేసేటప్పుడు దాని పక్కనే చివరి పూత సంగతి కూడా ఒక్క వాక్యమైనా వేయమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు