నల్లగొండ పురపాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా వీధి చివర కట్టబోయే అపార్ట్‌మెంటు నమూనా చిత్రంపై ఇరుగుపొరుగు వారి అభిప్రాయాలను మీ దృష్టికి తెస్తున్నాను. ఎత్తుపై అభ్యంతరం కొందరిదే. పడమటి గోడనంతా అద్దాలతో కప్పడం మాత్రం, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ఊరికి తగదని దాదాపు అందరూ అంటున్నారు. లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట కళ్లెదుటే ఉన్న పట్టణానికి ఎక్కడి ముఖభాగాన్నో తెచ్చి అతికించినట్టుంది (చిత్రంలో ఖర్జూరపు చెట్లు కూడా ఉన్నాయి!). కిటికీలపై సజ్జలు, లోతైన బాల్కనీలు, బోరుబావి పక్కన ఇంకుడుగుంత ఉండేలా నమూనాను మార్పించాలనీ, 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం చుట్టూ విడవవలసిన ఖాళీ స్థలం పార్కింగు పాలు కాకుండా చూడాలనీ, అనుమతికి ముందే నక్షాను కార్యాలయం బోర్డుపై ఉంచాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పట్టణవాసి