శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: ఉత్పత్తి ఒక్కటే పరిశోధనకు కొలమానం కాకూడదు

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. పరిశోధనకు నిధులు కోరే దరఖాస్తుల్లో ఇప్పుడు "దీనివల్ల ఏ ఉత్పత్తి వస్తుంది, ఎన్నేళ్లలో వస్తుంది" అనే ప్రశ్నకే పెద్దపీట వేస్తున్నారు. ప్రజాధనం ఖర్చుపెట్టేవాళ్లను అలా అడగడం న్యాయమే. కానీ ఆ ఒక్క జవాబును బట్టే దరఖాస్తు భవితవ్యం తేలిపోవడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ప్రయోజనమే లక్ష్యంగా సాగే పరిశోధనకు అందరూ ఉదాహరణగా చూపే నానో శాస్త్రం (మీటరులో వంద కోట్లవ వంతు స్థాయి కొలతల్లో పదార్థాన్ని పరిశీలించే శాస్త్రం) నుంచే నా వాదన వినిపిస్తాను.

2000లో అమెరికా తన జాతీయ నానో టెక్నాలజీ కార్యక్రమాన్ని ప్రకటించినప్పటి నుంచి చాలా దేశాలు ఈ రంగానికి మందులు, చిప్‌లు, బ్యాటరీల మీద ఆశతోనే నిధులిచ్చాయి. ఆ ఆశ వృథా కాలేదు. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలను శరీర కణాల్లోకి చేర్చినవి లిపిడ్ (కొవ్వు) నానో రేణువులే.

అయితే 2023లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న క్వాంటం డాట్ల, అంటే పరిమాణాన్ని బట్టి రంగు మారే అతి చిన్న స్ఫటికాల, కథ చూడండి. 1980ల తొలినాళ్లలో సోవియట్ శాస్త్రవేత్త అలెక్సీ ఎకిమోవ్, రంగు గాజు గుట్టు తెలుసుకోవాలని, కాపర్ క్లోరైడ్ కలిపిన గాజును 500 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఒక గంట మొదలుకొని 96 గంటల దాకా వేడిచేసి చూశారు. లోపల ఏర్పడిన స్ఫటికాలు ఎంత చిన్నవైతే అవి పీల్చుకునే కాంతి అంతగా నీలం వైపు జరిగింది. పదార్థం అదే, మారింది పరిమాణమొక్కటే. సౌరశక్తితో రసాయన చర్యలు నడపాలన్న ప్రయోజనంతోనే బయల్దేరిన లూయీ బ్రూస్‌కు కూడా ద్రావణంలోని రేణువుల్లో, తాను వెతకని ఈ ధర్మమే కనిపించింది. మౌంగీ బావెండి 1993లో నాణ్యమైన రేణువుల తయారీ పద్ధతి కనుగొన్నాక, టీవీ తెరల దాకా రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. ఎకిమోవ్‌ను ఆనాడు ఉత్పత్తి పేరు రాయమని ఉంటే ఏం రాసేవారు?

దారి ఎప్పుడూ ఇంత పొడవుగా ఉండదన్నదీ నిజమే. 1988లో బయటపడ్డ జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్ (నానో మందపు లోహపు పొరల విద్యుత్ నిరోధం అయస్కాంత క్షేత్రంలో బాగా మారిపోయే ధర్మం) 1997 నాటికే హార్డ్ డిస్కుల్లోకి వచ్చింది. కానీ ఏది తొమ్మిదేళ్లలో ఫలిస్తుందో, ఏది ముప్పై ఏళ్లు తీసుకుంటుందో ముందే చెప్పగల మూల్యాంకన సంఘం ఎక్కడా లేదు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. వాసన రాకుండా బట్టలకు పట్టించిన నానో వెండి ఉతికినప్పుడల్లా కొంత నీటిలోకి పోతుంది. ఆ వెండి మురుగులో ఏ రూపం దాలుస్తుందో, నీటిలోని సూక్ష్మజీవులను ఏం చేస్తుందో ఓపికగా కొలిచే పరిశోధకుడు అమ్ముకోదగ్గ వస్తువేదీ చూపలేడు. ఉత్పత్తే గీటురాయి అయితే, ఉత్పత్తుల వల్ల కలిగే హానిని వెతికే పనే ముందుగా ఆగిపోతుంది.

అందుకే, ప్రయోజనం చెప్పనవసరం లేని ప్రశ్నల కోసం ఏటా బడ్జెట్‌లో నిర్దిష్టమైన వాటా కేటాయించి, దాన్ని మధ్యలో ఇతర పథకాలకు మళ్లించకుండా నిబంధన పెట్టాలని, నానో పదార్థాల భద్రతపై పరిశోధనకు వేరే పద్దు తెరవాలని, ఆ రెండింటి దరఖాస్తుల్లోంచి ఉత్పత్తి, గడువు గడులను తొలగించాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పరిశోధకుడు