తలుపు తియ్యి చిన్నీ, ఆ కాగితాలు తీసుకో

చిన్నీ,

నిన్న నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. కేసు సంగతి కాదు. ఎవరో కేసు కాగితాల కవరు పట్టుకుని రెండుసార్లు వచ్చి నీ పేరు అడిగితే లైటు ఆర్పేసి చప్పుడు చేయకుండా కూర్చున్నానన్నావే, అదీ నా బాధ. అచ్చం నేను చేసిన పనే చేశావు. ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు తప్ప వినవు కాబట్టి రాస్తున్నాను.

నా కథ నీకెప్పుడూ చెప్పలేదు. నీకు నాలుగేళ్ళప్పుడు ఒక స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టాను. వాడు మధ్యలో కట్టడం మానేశాడు, అప్పిచ్చినాయన ఇద్దరి మీదా దావా వేశాడు. కోర్టు మనిషి సమన్లు, అంటే కోర్టుకి రమ్మనే కాగితాలు, తెస్తే నేను ఊళ్ళో లేనని మీ అమ్మ చేత చెప్పించాను. ఇంకోసారి వస్తే అప్పుడూ అంతే. మూడోసారి నేనే ఎదురుపడి, తీసుకోనని తలుపేసుకున్నాను, చేతికి తీసుకోకపోతే కేసు నడవదని నా తెలివి మరి. అతను ఒక్క మాట కూడా అనకుండా కాగితం తలుపుకి అంటించి వెళ్ళిపోయాడు. నేను చింపి పారేశాను. కోర్టు లెక్కలో మాత్రం అది నాకు అందినట్టే! వాయిదాకి వెళ్ళలేదు గనక అవతలాయన చెప్పిందే విని ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే నేను లేకుండానే తీర్పు, ఇచ్చేశారు, జీతం జప్తు దాకా వచ్చాక గాని నాకు తెలియలేదు. ఇంతా చేస్తే వాడు సగానికి పైగా కట్టేసిన రసీదులు నా బీరువాలోనే ఉన్నాయి. అవి చూపించే అవకాశం కోసం, ఆ డిక్రీ రద్దు చేయించుకోవడానికే ఏడాదిన్నర తిరిగాను. తలుపు మీద మిగిలిన జిగురు మరక నువ్వు అంటించిన స్టిక్కర్‌దని చుట్టాలకి చెప్పేవాళ్ళం. పాపం, నీ మీదకి తోసేశాం.

సరే, కాగితాలు తెచ్చేవాళ్ళు వచ్చినప్పుడు జరిగేది ఇంతే. నీ పేరు అడుగుతారు, కాగితాలు ఇస్తారు, ఒక్కోచోట సంతకం పెట్టమంటారు, వెళ్ళిపోతారు. రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ సంతకానికి అర్థం కాగితాలు ముట్టాయని మాత్రమే, తప్పు ఒప్పుకున్నానని కాదు. వచ్చినవాళ్ళకి నీ కేసు గురించి ఏమీ తెలియదు, కాబట్టి వాళ్ళతో వాదించకు, నీ గోడు చెప్పుకోకు. యూనిఫాం లేదని కంగారుపడకు కూడా. ఇండియాలో సివిల్ సమన్లు కోర్టు అమీనా (కాగితాలు అందించే కోర్టు ఉద్యోగి) తేవచ్చు, పోస్టులోనూ రావచ్చు. అమెరికా ఫెడరల్ కోర్టులో అయితే 18 ఏళ్ళు నిండి, ఆ కేసులో పార్టీ కాని ఎవరైనా ఇవ్వొచ్చు.

నువ్వు లేనప్పుడు ఇంట్లోవాళ్ళు తీసుకున్నా చాలాచోట్ల నీకు అందినట్టే లెక్క, అందుకని నీతో ఉండేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పి ఉంచు. (క్రిమినల్ కేసు సమన్లు ఇంట్లో మగవాళ్ళకే ఇవ్వాలని ఇండియాలో ఇన్నాళ్ళూ రూలు ఉండేది, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంతో ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు ఎవరికైనా ఇవ్వొచ్చు. ఇది మీ అమ్మకి చెబితే "ఇన్నాళ్ళకి మమ్మల్ని లెక్కలోకి తీసుకున్నారన్నమాట" అంది.)

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. కాగితాలు తెచ్చినవాడు అక్కడే డబ్బు అడిగితే, ఓటీపీ అడిగితే, ఇప్పుడే కడితే కేసు మాఫీ అంటే వాడు మోసగాడే. వీడియో కాల్‌లో అరెస్టు చేశామనేవాళ్ళూ అంతే, అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. అనుమానం ఉంటే ఆ కాగితం మీదున్న ఫోన్ నంబరుకి చేయకు, కోర్టు నంబరు నువ్వే విడిగా వెతికి కేసు నంబరు చెప్పి కనుక్కో.

తీసుకున్న వెంటనే కవరు మీద తేదీ, టైము, ఎవరి చేతికి ఇచ్చారో రాసెయ్యి, ప్రతి పేజీకీ ఫోటో తియ్యి. గడువు లెక్క మామూలుగా ఆ రోజు నుంచే మొదలవుతుంది. ఇండియాలో సివిల్ దావాకి జవాబు 30 రోజుల్లో వేయాలి, కారణం చూపిస్తే కోర్టు 90 దాకా ఇవ్వొచ్చు. అమెరికా ఫెడరల్ కోర్టులో 21 రోజులే. ఇంగ్లండ్‌లో అయితే సాధారణంగా 14 రోజుల్లో ఏదో ఒకటి కోర్టుకి చెప్పాలి. నీ కాగితంలో ఏముందో అది చూడు, నేను చెప్పిన అంకెలు పట్టుకుని కూర్చోకు.

ఆ తర్వాత నింపాదిగా చదువు. అది అసలు కోర్టు నుంచి వచ్చిందా, లేక అవతలివాళ్ళ లాయరు పంపిన నోటీసా? లాయరు నోటీసు అంటే ఇంకా కేసు పడిందని కాదు, అయినా జవాబివ్వడమే మేలు. నిన్ను సాక్షిగా పిలిచారేమో కూడా చూడు, మనం భయంలో ఆ మాటే ఆలోచించం! ఒకవేళ పేరు నీది కాకపోతే దాచిపెట్టకుండా పంపినవాళ్ళకి ఆ సంగతి తెలియజెయ్యి.

చాలామంది బోల్తా పడేది ఇంకోచోట. అవతలివాళ్ళు ఫోన్ చేసి "మనలో మనకి కోర్టులెందుకు, కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు, మనకి ప్రాణం లేచొస్తుంది, రోజులు గడిచిపోతాయి. రాజీ మాటలు నడుస్తున్నాయని కోర్టు గడువు ఆగదు. మాట్లాడుకుంటే మాట్లాడుకోండి, జవాబు మాత్రం గడువులోపల రాతపూర్వకంగా కోర్టులో పడాలి. అవతలాయనకి వాట్సాప్‌లో పెట్టిన పేరాలు జవాబు కింద రావు. అలాగే కోపంలో పాత మెసేజ్‌లు, మెయిళ్ళు తీసెయ్యకు, నీకు పనికొచ్చేవి కూడా అందులోనే ఉంటాయి. నా రసీదుల్లాగా.

లాయరుకి డబ్బెలా అని టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. దాని సంగతి నేను చూస్తాను, ఉచిత న్యాయ సహాయం దొరికే చోట్లు కూడా ఉంటాయి, అదీ కనుక్కుందాం. నిన్ను తిడతానేమోనని నాతో దాచకు. తిడతాను, కానీ కాగితాలు చదివాక.

అతను మళ్ళీ వస్తాడు. వచ్చినప్పుడు లైటు వేసి తలుపు తియ్యి. కవరు ఫోటో పంపు, అర్ధరాత్రయినా సరే, ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంటాను.

నాన్న