మన తెలుగు సంఘం వార్షిక నివేదిక: కరోనాలో పుట్టిన పిల్లలు, మన ఇళ్ళు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, సంక్రాంతి ముగ్గులు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి, ఫోటోలు గ్రూపులో ఉన్నాయి, లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపుతారు. ఈసారి ఎక్కువ చెప్పాల్సింది ఆదివారాల్లో క్లబ్‌హౌస్‌లో పిల్లల్ని ఆడించే పిల్లల గంట గురించి.

మన బెంగళూరు మారతహళ్ళి చుట్టుపక్కల 2020, 2021లో పుట్టిన పిల్లలున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక ఊళ్ళ నుంచి అమ్మమ్మలు, నానమ్మలు రాలేకపోయారు, పార్కులు మూసేశారు, అమ్మానాన్నలు ఇంట్లోనే ఉన్నా ల్యాప్‌టాప్ ముందే ఉన్నారు, దాంతో పిల్లల చేతికి ఫోన్ వచ్చింది. ఎవర్నీ తప్పుపట్టడం లేదు, మాలో చాలామందిమి అదే చేశాం. కానీ పసిబిడ్డకు మాట వచ్చేది ఎదుటి మనిషి ముఖం చూసి, తను ఊ అంటే వాళ్ళూ ఊ అనడం వల్ల. ఫోన్ ఊ కొట్టదు. రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దని పిల్లల డాక్టర్లు అనేది అందుకే.

మాట ఆలస్యమైన ఒక బాబు ఇంట్లో తెలుగు మానేయమని ఓ ప్లేస్కూల్‌ వాళ్ళు చెప్పారట. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, పాపం ఆవిడ ఆర్నెల్లు మనవడితో మాట్లాడటమే తగ్గించేశారు. ఇది విన్నప్పుడు మాకు చాలా బాధ, కోపం రెండూ వచ్చాయి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. అనుమానం ఉంటే ముందు వినికిడి పరీక్ష చేయించండి, స్పీచ్ థెరపిస్టును కలవండి, ఇంటి భాష మాత్రం ఆపకండి.

ఆ అమ్మమ్మ గారే ఇప్పుడు ఆదివారం క్లబ్‌హౌస్‌లో వామనగుంటల పీట ముందు కూర్చుంటున్నారు. నాలుగో వారమో ఐదో వారమో, పక్క పిల్ల చింతగింజలు తీయబోతే బాబు గుంట మీద చెయ్యి అడ్డం పెట్టి "నా వంతు" అన్నాడు. ఆవిడ ఆట ఆపేసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

పిల్లలు ఆడుకుంటుంటే వెనక కుర్చీల్లో తల్లులు మనసు విప్పడం మొదలైంది. ఒకావిడ పురిటికి పుట్టింటికి వెళ్ళలేక, ఎవరూ తోడు లేక పడ్డ టెన్షన్ ఇన్నేళ్ళకు మొదటిసారి చెప్పింది. కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచంలో ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, అందులో మన ఇళ్ళూ ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు లోలోపల కుమిలిపోతుంటే పిల్లలతో ఆడే ఓపిక ఎక్కడిది?

అందుకే లిఫ్టుల దగ్గర, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 అంటించాం. ఫోన్ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు, 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ వెనక మన ఊరి మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్సే ఉంది. "ఇలాంటివి గోడకెక్కించాలా" అని కొందరు పెద్దలు అన్నారు. తీయలేదు, తీయం కూడా.

నాన్నలు ఇంకా తక్కువే వస్తున్నారు, దయచేసి రండి. పీటలు రెండే ఉన్నాయి, పిల్లలు వంతుకోసం గంటసేపు చూస్తున్నారు, ఊరెళ్ళినప్పుడు మీ ఇంటి అటక మీద పాతది ఉంటే తీసుకురండి.