విద్యా ఉపసంఘం వార్షిక నివేదిక: బీఎస్సీ భౌతికశాస్త్రం తరువాత ఏమిటి?

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు అప్పగించిన బాధ్యత మేరకు, మన హబ్సిగూడ కాలనీలో బీఎస్సీ భౌతికశాస్త్రం చదువుతున్న పిల్లలకు డిగ్రీ తరువాతి చదువులు, ఉద్యోగాల గురించి తెలియజెప్పే పనిని ఈ ఏడాది ఉపసంఘం చేపట్టింది. ఇంజనీరింగ్ సీటు రాక బీఎస్సీలో చేరాడన్న మాట చాలా ఇళ్లలో వినిపించడంతో, పిల్లల కంటే ముందు తల్లిదండ్రులతో కూర్చోవలసి వచ్చింది.

పిల్లలను అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీస్తున్నది దరఖాస్తు గడువులు సకాలంలో తెలియకపోవడమేనని మేము గ్రహించాము. ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికీ, బెంగళూరు ఐఐఎస్సీలో (భారతీయ విజ్ఞాన సంస్థ) ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చదివే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ పనికివచ్చే జామ్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది గానీ, దాని దరఖాస్తులు సాధారణంగా అక్టోబరుతోనే ముగిసిపోతాయి. ఒక అమ్మాయి నవంబరులో పాత ప్రశ్నపత్రాల కట్టతో మన కార్యాలయానికి వచ్చింది. విద్యుదయస్కాంతత్వం లెక్కలన్నీ పెన్సిలుతో చేసి, తప్పు పోయినవాటికి ఎర్ర సున్నాలు చుట్టి ఉంచుకుంది. గడువు దాటిపోయిందని ఆమెకు మేమే చెప్పవలసి వచ్చింది. ఆ మరుసటి వారమే కార్యాలయం గోడకు నెలలవారీ పరీక్షల పట్టిక అంటించాము. దాని ముందు నిలబడి, ఆటో నడిపే ఒక తండ్రి తన చిన్న డైరీలో తేదీలన్నీ రాసుకుని వెళ్లారు.

ఆ పట్టికలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి రాయవలసిన సీయూఈటీ పీజీ, ఉస్మానియాతో పాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం రాసే సీపీగెట్, ఉపాధ్యాయ వృత్తికి ఎడ్‌సెట్, ఎంసీఏ కోరుకునేవారికి ఐసెట్ ఉన్నాయి. ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ స్థాయి అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించి పరిశోధనలో చేరినవారికి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుందని చెప్పినప్పుడు, పరిశోధన అంటే ఏళ్లతరబడి సంపాదన లేని చదువని భయపడుతున్న తల్లిదండ్రుల్లో చాలామందికి ఊరట కలిగింది.

అందరికీ కొత్తగా తోచినవి రెండు. డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం రెండూ చదివినవారు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి అర్హులు. దీనికి పీజీ అవసరం లేదు. అయితే రాత పరీక్షతో పాటు వాయిస్ టెస్టు, వైద్య పరీక్ష కూడా గట్టెక్కాలి. రెండవది మెడికల్ ఫిజిక్స్. క్యాన్సర్ రోగికి రేడియేషన్ ఏ కోణంలో, ఎంత మోతాదులో ఇవ్వాలో లెక్కగట్టి, యంత్రం సరిగ్గా అంతే ఇస్తున్నదో లేదో సరిచూసేది మెడికల్ ఫిజిసిస్టే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినవారు రేడియోలాజికల్ ఫిజిక్స్‌లో ఏడాది డిప్లొమా, ఆపైన ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి ఈ వృత్తిలోకి వెళ్లవచ్చు. చేసిన లెక్క ఒక మనిషి ప్రాణానికి అక్కరకు వచ్చే ఈ పని గురించి పిల్లలకు ఇంకా ముందే చెప్పి ఉండవలసిందని మా అభిప్రాయం.

మన కాలనీకి కూతవేటు దూరంలోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నా, రోజూ ఆ గేటు ముందు నుంచే కాలేజీకి వెళ్లే పిల్లలకు లోపల జరిగేది భౌతికశాస్త్రమేనని తెలియదు. భూకంపాల నమోదు, భూగర్భ జలాల అన్వేషణ చేసే ఆ భూభౌతికశాస్త్రంలో ఉస్మానియాలోనే ఎమ్మెస్సీ ఉంది.

మూడవ ఏడాదిలో మేలుకుంటే ఆలస్యమవుతున్నది గనుక, వచ్చే ఏడాది ఈ కార్యక్రమాన్ని రెండవ ఏడాది విద్యార్థులతోనే మొదలుపెట్టదలచాము. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు సంఘం గదిని రాత్రి పది గంటల దాకా చదువుకునేవారికి తెరిచి ఉంచేందుకు, పాత ప్రశ్నపత్రాల జిరాక్సు ఖర్చుకు సభ్యుల ఆమోదం కోరుతున్నాము. నవంబరులో వచ్చిన ఆ అమ్మాయి ఈసారి దరఖాస్తు పెట్టింది; గది తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటానని అడిగింది.

భవదీయుడు,
కన్వీనర్, విద్యా ఉపసంఘం